వార్తాసంస్థ వేదిక: ప్రత్యక్ష కార్యక్రమ నిర్దేశకుడి పని

ప్రత్యక్ష ప్రసారం అనగానే మీకు గుర్తొచ్చేది బహుశా వరద నీటిలో నిలబడి మాట్లాడే విలేకరి, లేదా ఓట్ల లెక్కింపు రోజు తెర నిండా కదిలే అంకెలు. అవి వేరేచోట జరుగుతున్న సంఘటనలు. వార్తాసంస్థ అక్కడికి వెళ్లి చూపిస్తుంది. ఈ పాఠంలో మనం చూడబోయేది ఇంకో రకం. ఇక్కడ సభను జరిపేదీ, వక్తలను పిలిచేదీ, షామియానా వేయించేదీ, ప్రసారం చేసేదీ ఒకే వార్తాసంస్థ. మర్నాడు దాన్ని వార్తగా అచ్చువేసేది కూడా అదే. ఈ కార్యక్రమాన్ని మొదటి ఆలోచన నుంచి చివరి నిమిషం దాకా నడిపే వ్యక్తిని కార్యక్రమ నిర్దేశకుడు, వాడుకలో ప్రోగ్రామ్ డైరెక్టర్ అంటారు.

మన తెలుగునాట ఇది కొత్త కాదు. సంక్రాంతికి ఆంధ్రజ్యోతి ఊరూరా జరిపే ముగ్గుల పోటీలు మీలో కొందరు చూసే ఉంటారు, పాల్గొని కూడా ఉంటారు. ఎన్‌టీవీ నడిపే సంస్థకే చెందిన భక్తి టీవీ ఏటా కార్తికమాసంలో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో కోటి దీపోత్సవం జరుపుతుంది. అక్కడ సంస్థే యజమాని, సంస్థే ప్రసారకర్త. వీటితోపాటు పురస్కార సభలు, విద్యా ప్రదర్శనలు, నాయకులతోనో రైతులతోనో ముఖాముఖిలు ఉన్నాయి. అమెరికాలో ఆస్టిన్ నగరం కేంద్రంగా 2009లో మొదలైన టెక్సాస్ ట్రిబ్యూన్ లాభాపేక్ష లేని వార్తాసంస్థ. అది 2011 నుంచి ఏటా చర్చోత్సవం జరుపుతోంది.

వార్తాసంస్థలకు ఈ తాపత్రయం ఎందుకు? ప్రకటనల మీద వచ్చే రాబడి చాలదన్నది ఒక కారణం. తమ పేరు జనం మధ్య కనిపించాలన్నది రెండోది. మూడో కారణం పాత్రికేయానికి సంబంధించినది, నా దృష్టిలో అదే ముఖ్యం. అధికారినీ, ఆ అధికారి నిర్ణయం వల్ల బతుకు మారినవారినీ ఒకే పందిరి కింద కూర్చోబెట్టగల సంస్థలు మన సమాజంలో ఎక్కువ లేవు. వార్తాసంస్థ ఆ పని చేయగలదు. చేయగలిగీ చెడగొట్టనూగలదు. ఈ పాఠమంతా ఆ రెంటి మధ్య తేడా గురించే.

ఇక్కడ రెండు భావనలు గుర్తుపెట్టుకోండి. అమెరికన్ చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్ 1960ల మొదట్లో ‘కృత్రిమ సంఘటన’ అన్న మాట తెచ్చాడు. వార్తగా రావడం కోసమే ఏర్పాటైన సంఘటన అని దాని అర్థం. 1992లో డేనియల్ దయాన్, ఎలిహు కాట్జ్ రాసిన గ్రంథం టెలివిజన్‌లో దేశమంతా కలిసి చూసే ఘట్టాలను పోటీలు, విజయాలు, పట్టాభిషేకాలు అని మూడుగా విభజించింది. మనం జరిపే సభ బూర్‌స్టిన్ నిర్వచనం ప్రకారం కృత్రిమమే, అందులో దాపరికం అక్కర్లేదు. అయితే అందులో అడిగే ప్రశ్న, వచ్చే జవాబు కృత్రిమం కాకూడదు. వాటిని కాపాడటమే డైరెక్టర్ పని.

కదలని ముహూర్తం

సాంకేతిక విషయాలకు ముందు మన రేడియో నేర్పిన పాఠం ఒకటి చెబుతాను. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ఆకాశవాణిలో ప్రత్యక్ష వ్యాఖ్యానం ఒక సంప్రదాయంగా స్థిరపడింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో పుట్టిన ఉషశ్రీ గొంతులో ఆ వ్యాఖ్యానం విన్న తరం వాణ్ని నేను. మా ఇంటి అరుగు మీద శ్రీరామనవమి నాడు వడపప్పు, పానకం పంచే వేళకు రేడియో చుట్టూ వీధి వీధంతా చేరేది.

ఆ ప్రసారం కష్టం ఎక్కడుందో ఆలోచించండి. అభిజిత్ లగ్నం మధ్యాహ్నం వేళకు కట్టుబడి ఉంటుంది, స్టూడియో కోసం జరగదు. అంతకుముందు క్రతువు ఒక ఏడాది కాస్త ముందుగా సాగవచ్చు, ఇంకో ఏడాది ఆలస్యం కావచ్చు. వ్యాఖ్యాత దగ్గర ఆ ఖాళీని నింపగల సరుకు ఉండాలి. క్షేత్ర చరిత్ర, రామదాసు కథ, మూడో మంగళసూత్రం విశేషం, ముత్యాల తలంబ్రాల సంగతి, ఇవన్నీ సిద్ధంగా ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రాగానే ఎంత మంచి వాక్యం మధ్యలో ఉన్నా ఆపేసి, మేళానికీ మంత్రానికీ దారివ్వాలి. మాట్లాడటం తెలిసినవారు చాలామందే ఉంటారు, ఆ క్షణంలో ఆగడం తెలిసినవారు తక్కువ.

దీన్ని మన వృత్తి భాషలోకి తెచ్చుకుందాం. ప్రతి ప్రత్యక్ష కార్యక్రమంలోనూ కదలని బిందువు ఒకటి ఉంటుంది. ఛానెల్ తరువాతి బులెటిన్ మొదలయ్యే సమయం కావచ్చు, మంత్రి బయల్దేరవలసిన సమయం కావచ్చు, సూర్యాస్తమయం కావచ్చు. మిగిలినవన్నీ దానికి అనుగుణంగా సర్దుకోవాలి.

పెదవేగిలో ఒక సభ

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. ఏలూరుకు పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న పెదవేగి మా ఊరు. శాలంకాయనులకూ ఆ తరువాత తూర్పు చాళుక్యులకూ రాజధానిగా ఉన్న వేంగి ఇదే. ఇవాళ ఈ మండలం పేరు ఎక్కువగా వినిపించేది ఆయిల్ పామ్ వల్ల. భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. ఒక వార్తాఛానెల్ ఇక్కడ ‘గెలల ధర’ మీద గంటసేపు ప్రత్యక్ష ముఖాముఖి జరపాలనుకుంది అనుకుందాం. మీరే డైరెక్టర్.

మొదటి పని వక్తల జాబితా అనుకుంటారు చాలామంది. కాదు, ప్రశ్న. ‘ఆయిల్ పామ్ సాగు: సమస్యలు, అవకాశాలు’ అన్న పేరు పెడితే గంట గడిచాక కూడా ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ప్రశ్న ఇలా ఉండాలి: ‘గెలలో ఎంత నూనె ఉందో ఎవరు తేలుస్తున్నారు?’ ఎందుకంటే టన్ను గెలల ధర రెండు లెక్కల మీద ఆధారపడుతుంది. ఒకటి ముడి పామాయిల్ మార్కెట్ ధర. రెండోది గెలల బరువులో నూనెగా దిగే శాతం, రైతులు ఓఈఆర్ అని పిలిచేది ఇదే. ఒక్క శాతం తేడా వస్తే టన్నుకు 10 కిలోల నూనె తేడా. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం కింద ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో నిర్ణయమై ఉంటుంది. ఇష్టం వచ్చినచోట అమ్ముకునే వీలు రైతుకు లేదు. అందుకే ఆ శాతం మీద అంత పట్టింపు. ఈ సంగతి తెలియని డైరెక్టర్ ఎన్ని కెమెరాలు పెట్టినా లాభం లేదు.

ప్రశ్న తేలితే వేదిక మీద ఎవరుండాలో దానంతట అదే తేలుతుంది: ధర లెక్క వివరించగల శాస్త్రవేత్త, ఉద్యాన శాఖ అధికారి, ఫ్యాక్టరీ ప్రతినిధి, ఇద్దరు రైతులు. ఆ ఇద్దరిలో ఒకరు పది ఎకరాల ఆసామి అయితే, రెండోవారు కౌలు రైతో, రెండెకరాల రైతో కావాలి. మహిళా రైతు ఉండాలని వేరుగా చెప్పవలసి రావడం మన దౌర్భాగ్యం. తోటల్లో తిరిగితే వాళ్లు కనిపిస్తూనే ఉంటారు, వేదిక మీదికే రారు.

సమయం సంగతి. కోసిన గెలలు ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. కాబట్టి పొద్దున సభ పెడితే కోతలున్న రైతులు రారు, వచ్చేది నాయకుల వెంట తిరిగేవారే. సాయంత్రం నాలుగు నుంచి ఐదు మంచి సమయం. డిసెంబరులో ఐదున్నరకల్లా వెలుతురు తగ్గుతుంది కాబట్టి లైట్లు ముందే బిగించుకోవాలి.

ఇక రన్‌డౌన్, అంటే నిమిషాల వారీ క్రమపట్టిక. యాంకర్ పరిచయం 3 నిమిషాలు. ముందుగా చిత్రీకరించిన కథనం 4. ధర లెక్క వివరణ 6. రైతుల ప్రశ్నలు 20. రెండు విరామాలు కలిపి 6. అధికారుల జవాబులు 14. ముగింపు 1. మొత్తం 54. మిగిలిన 6 నిమిషాలు ఏ గడిలోనూ రాయకండి, మీ దగ్గరే ఉంచుకోండి. యాంకర్‌కు చెప్పారా, తొలి పావుగంటలోనే ఖర్చయిపోతాయి.

ఇప్పుడు ఈ పట్టికను వెనకనుంచి చదవండి. ఐదింటికి బులెటిన్. కాబట్టి ముగింపు 4.59కి మొదలవ్వాలి. అధికారుల జవాబులకు 14 నిమిషాలు కావాలంటే అవి 4.45 దాటకుండా మొదలవ్వాలి. అనుకున్న ప్రకారం నడిస్తే 4.39కే మొదలవుతాయి. మధ్యనున్న ఆ ఆరు నిమిషాలే మీ ఖాళీ. రైతుల ప్రశ్నలు వేడెక్కితే 4.45 దాకా సాగనివ్వండి, ఆ తరువాత ఒక్క నిమిషం కూడా వద్దు. ఎందుకు వద్దు? ప్రశ్నలన్నీ వినిపించి జవాబులు కోసేస్తే అధికారులు తప్పించుకున్నట్టే లెక్క. ‘టైము లేకపోయింది’ అన్న మాటను మించిన రక్షణ కవచం వారికి లేదు. వెనకనుంచి లెక్క కట్టే ఈ పద్ధతి గడియారం పని లాగే కనిపిస్తుంది, నిజానికి ఎవరు జవాబుదారీ అన్నది తేలేది ఇక్కడే.

తీగలు, గొంతులు

సభాస్థలి నుంచి దృశ్యం స్టూడియోకు చేరడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ఉపగ్రహం. వ్యాన్ మీది డిష్ సంకేతాన్ని భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పంపితే, అది స్టూడియోకు దింపుతుంది. ఎక్కిదిగే దూరం సుమారు 72,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయినా పావు సెకను పడుతుంది. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర సెకను, దృశ్యాన్ని కుదించి విప్పే పరికరాల ఆలస్యం అదనం. స్టూడియోలో ప్రశ్న అడిగాక విలేకరి తల ఊపుతూ మౌనంగా నిలబడటం మీరు చూసి ఉంటారు. అది అతని తడబాటు కాదు. రెండో దారి మొబైల్ నెట్‌వర్క్. వీపున తగిలించుకునే సంచిలో అనేక సిమ్‌లు పెట్టి, అన్ని కంపెనీల నెట్‌వర్కులనూ కలిపి వాడతారు. ఖర్చు తక్కువ. కానీ సభకు వచ్చిన రెండు వేలమంది అదే సమయంలో ఫోన్లలో వీడియోలు పంపుతుంటే ఆ దారి ఇరుకైపోతుంది. భారీ వర్షం పడితే ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది. అందుకే రెండూ ఉంచుకోవడం పద్ధతి. జెనరేటర్‌ను వేదికకు దూరంగా, డీజిల్‌ను జెనరేటర్‌కు దగ్గరగా పెట్టించండి. నవ్వకండి, ఈ రెండూ తారుమారైన సభలు చూశాను.

వేదిక వెనక ఒక వ్యాన్‌లోనో గదిలోనో నియంత్రణ కేంద్రం ఉంటుంది. డైరెక్టర్ ముందు నాలుగైదు తెరలు, చెవికి హెడ్‌ఫోన్, చేతికి టాక్‌బ్యాక్ మీట. ‘రెండు రెడీ, రెండు’ అంటే రెండో కెమెరా దృశ్యం ప్రసారంలోకి వెళుతుంది. ముందు హెచ్చరిక, తరువాత ఆజ్ఞ, ఎప్పుడూ ఇదే వరుస. యాంకర్ చెవిలోనూ డైరెక్టర్ మాట వినిపిస్తుంది. అందుకే అక్కడ మాటలు తక్కువగా ఉండాలి. ఒకరు మాట్లాడుతుంటే వినడం, అదే సమయంలో చెవిలో ఇంకొకరి మాట వినడం యాంకర్‌కు ఎంత కష్టమో ఇంట్లో ప్రయత్నించి చూడండి.

ఏ ముఖం ఎప్పుడు చూపించాలన్నది చిన్న నిర్ణయం కాదు. 1960 సెప్టెంబరు 26న చికాగోలో కెన్నెడీ, నిక్సన్‌ల మధ్య జరిగిన తొలి టెలివిజన్ చర్చను సుమారు 7 కోట్ల మంది చూశారు. దానికి డైరెక్టర్ సీబీఎస్‌కు చెందిన డాన్ హెవిట్. ఒకరు మాట్లాడుతుండగా వింటున్న రెండోవారి ముఖాన్ని కూడా చూపించారు. అనారోగ్యం నుంచి అప్పుడే కోలుకున్న నిక్సన్ పాలిపోయి, చెమట తుడుచుకుంటూ కనిపించాడు. ఆ రోజు ఎవరేం చెప్పారో మర్చిపోయినవారికి కూడా ఆ ముఖం గుర్తుండిపోయింది. పెదవేగి సభలో రైతు మాట్లాడుతుండగా ఫోన్ చూసుకుంటున్న అధికారి ముఖం మీ మూడో కెమెరాలో కనిపిస్తోంది. చూపిస్తారా? నిజంగా అంతసేపూ ఫోన్ చూసుకుంటున్నారా, లేక రైతు అడిగిన అంకెనే వెతుకుతున్నారా? తేల్చుకోవడానికి మీకు రెండు సెకన్లుంటాయి. తేలకపోతే చూపించవద్దనే నేను చెబుతాను. నాతో ఏకీభవించనివారు ఈ వృత్తిలో చాలామందే ఉన్నారు.

ఖర్చెవరిది?

షామియానా, కుర్చీలు, వ్యాన్, భోజనాలు అన్నీ డబ్బుతో కూడిన పని. ప్రాయోజకులు కావాలి. పెదవేగి సభకు ముందుగా ముందుకొచ్చేది ఎవరో ఊహించడం కష్టం కాదు. నూనె కంపెనీ, ఎరువుల కంపెనీ, డ్రిప్ కంపెనీ. గెలల ధర మీద సభకు గెలలు కొనే కంపెనీ డబ్బిస్తే ఏమవుతుంది?

2009లో వాషింగ్టన్ పోస్ట్‌కు ఈ ప్రశ్న ఎదురైంది. పత్రిక ప్రచురణకర్త కేథరిన్ వేమత్ ఇంట్లో విందు సమావేశాలు జరపాలని ఒక ఆలోచన. ప్రభుత్వ పెద్దలు, చట్టసభ సభ్యులు, పత్రిక సంపాదకులు, విలేకరులు వస్తారని, ఒక విందుకు ప్రాయోజకత్వం 25,000 డాలర్లని, మొత్తం వరుసకు 2,50,000 డాలర్లని ఒక కరపత్రం తయారైంది. అక్కడి మాటలు బయటికి రావన్న హామీ కూడా ఉంది. జూలై 2న పొలిటికో అనే వార్తాసంస్థ దీన్ని బయటపెట్టింది. అదే రోజు విందులు రద్దయ్యాయి, తరువాత ప్రచురణకర్త పాఠకులకు క్షమాపణ చెప్పారు. వాటర్‌గేట్‌ను బయటపెట్టిన పత్రికకు ఆ గతి పట్టింది.

అక్కడి తప్పు ప్రాయోజకులను వెతకడం కాదు. ప్రాయోజకుడికి విలేకరులను, అధికారులను అందుబాటులోకి తెస్తామనడం, అదీ మూసిన తలుపుల వెనక. కాబట్టి డైరెక్టర్‌గా మూడు విషయాలు ముందే కాగితం మీద పెట్టించండి. ప్రాయోజకుడి పేరు తెర మీదా ఫ్లెక్సీ మీదా అందరికీ కనిపించాలి. వక్తల ఎంపికలో, ప్రశ్నల్లో వారికి మాట ఉండకూడదు. చర్చనీయాంశంలో నేరుగా లాభనష్టాలున్నవారి డబ్బు ఆ సభకు తీసుకోకూడదు. మూడోది పాటించడం జిల్లా స్థాయిలో కష్టమని నాకు తెలుసు. కష్టమైతే సభ చిన్నదిగా చేయండి. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక వేపచెట్టు చాలు.

నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఏలూరులో ఒక ఛానెల్ జరిపిన ముఖాముఖిలో నేను వక్తను. విషయం కొల్లేరు. అభయారణ్యంగా ప్రకటించిన ఐదో కాంటూరు వరకు చేపల చెరువులను 2006లో తొలగించిన సంగతి మీకు తెలుసు. పర్యావరణం పక్షాన మాట్లాడటానికి నన్ను పిలిచారు. పెలికాన్ల గురించి, ఉప్పుటేరులోకి నీరు పోయే దారి గురించి, రామ్‌సర్ గుర్తింపు గురించి చాలా బాగా మాట్లాడానని అప్పట్లో నేనే అనుకున్నాను. చివర్లో ఒక లంక గ్రామం నుంచి వచ్చిన పెద్దావిడకు మైకు ఇచ్చారు. “అయ్యా, మా సొసైటీ చెరువు గట్టు కొట్టేశారు, బానే ఉంది. చెరువు మీద తెచ్చిన అప్పు మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. అదెవరు తీర్చాలో చెప్పి పొండి బాబూ,” అంది. యాంకర్ చెవి పట్టుకుని, “చిన్న విరామం” అన్నాడు. విరామం తరువాత ప్రాయోజకుడి సత్కారం. ఆమెకు జవాబు రాలేదు. వేదిక మీదున్న నలుగురిలో ఏ ఒక్కరూ, నాతో సహా, మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదు. శాలువా కప్పించుకుని దిగేసరికి ఆవిడ బస్సు వెళ్లిపోయింది.

తరువాత ఆ ఛానెల్ యువకుణ్ని అడిగితే, రన్‌డౌన్‌లో సత్కారం ఆ నిమిషానికే రాసి ఉంది సార్ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ కుర్రవాడికి ఆరు నిమిషాల ఖాళీ ఎవరూ ఇవ్వలేదు, అంతే. నా దగ్గర మాత్రం మైకు ఉంది.

ఆపవలసినప్పుడు

జనం గుమిగూడే ప్రతి కార్యక్రమంలో డైరెక్టర్‌కు ప్రసారం కంటే ముందు జనం. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు, రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒకే ఘాట్, ఒకే ముహూర్తం, ఒకే దారి కలిస్తే ఏమవుతుందో అది చూపింది. మీ సభకు వచ్చే దారి, పోయే దారి వేరుగా ఉన్నాయా, బహుమతులు పంచేచోట తాడు కట్టారా, అంబులెన్స్ ఎక్కడ నిలబడింది, వేదిక మీది బరువుకు కట్టెలు ఆగుతాయా, ఇవి మీరే స్వయంగా నడిచి చూడాలి. కెమెరాలు ఎత్తున ఉంటాయి కాబట్టి తోపులాట మొదలయ్యేది పోలీసుల కంటే ముందు మీ తెర మీదే కనిపించవచ్చు. అప్పుడు మొదట మైకులో జనాన్ని ఆపాలి, ఆ తరువాతే స్టూడియోకు చెప్పాలి.

కొన్నింటిని చూపకూడదని చట్టమే చెబుతుంది. 2008 ముంబయి దాడుల వేళ భద్రతా దళాల కదలికలు ప్రత్యక్షంగా ప్రసారమైన అనుభవం తరువాత, 2015లో కేబుల్ టెలివిజన్ నియమావళిలో 6(1)(పి) చేర్చారు. ఉగ్రవాద వ్యతిరేక చర్య ముగిసేదాకా ప్రత్యక్ష ప్రసారం కుదరదు. నియమిత అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే వివరాలే చెప్పాలి. ముఖాముఖిల్లో ఇంతటి సందర్భం రాదు. వచ్చేది వేరు: ఎవరో ఒకరు మైకు అందుకుని లేనివారి మీద తీవ్రమైన ఆరోపణ చేస్తారు. ప్రత్యక్షంలో దాన్ని వెనక్కి తీసుకోలేం. యాంకర్ వెంటనే, “ఇది మీ ఆరోపణ, అవతలివారు ఇక్కడ లేరు, వారి మాట కూడా అడుగుతాం” అనాలి. అని ఊరుకోకుండా నిజంగా అడగాలి.

అభ్యాసం

మీ మండలంలో ఏదో ఒక తగవు ఉండే ఉంటుంది. తమ్మిలేరు గట్టు, ధాన్యం తేమ శాతం, చేపల చెరువుల నీరు, బస్సు రాని కాలేజీ దారి, ఏదైనా సరే. దాన్ని ఒక ప్రశ్నగా ఒకే వాక్యంలో రాయండి. వేదిక మీద ఎవరుండాలో, ప్రాయోజకులుగా ఎవరిని కాదనాలో కారణాలతో రాయండి. తరువాత గంట కార్యక్రమానికి రన్‌డౌన్ వేయండి. ముందు నుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి లెక్క కట్టండి. మీ ఖాళీ ఎన్ని నిమిషాలో, అది ఎవరి మాట కోసం దాచారో పక్కన రాసి, సంపర్క తరగతికి తెచ్చి చూపండి.